అయిదు నెలల విశ్రాంతి తర్వాత జంపుల మీదికి ఉరుకుతున్న గుర్రం: పెల్హమ్ కళ్లెం వేయాలా?

బే_గెల్డింగ్:
మలక్‌పేట రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్ (రేసు జాతి గుర్రం). పదకొండేళ్లు, ఎత్తు 15.3 హ్యాండ్స్ (సుమారు 160 సెంటీమీటర్లు). ఎడమ ముంగాలి టెండన్ (కండను ఎముకకు కట్టే స్నాయువు) వాచి అయిదు నెలలు పని ఆపాం. స్కాన్ చూసి డాక్టరుగారు సరేనన్నాక ఎనిమిది వారాలు నడక, ట్రాట్ (నడకకీ దౌడుకీ మధ్య పరుగు). ఇదివరకు 90 సెంటీమీటర్లు నింపాదిగా దాటేది. ఇప్పుడు 50కే నాలుగంగల దూరం నుంచి తల ఎత్తేసి ఉరుకుతోంది, దిగాక ఆగదు. స్నాఫిల్ (మామూలు మెత్తటి కళ్లెం) తీసి పెల్హమ్ (గడ్డం కింద గొలుసుతో గట్టిగా పట్టే కళ్లెం) వేయమంటున్నారు.

పగ్గం_వదులు:
పెల్హమ్ వద్దండి. రేసుల్లో పగ్గం బిగిస్తే దానిమీద ఆనుకుని పరిగెత్తడం అలవాటైన గుర్రం అది. మీరు లాగేకొద్దీ పొమ్మంటున్నారనుకుంటుంది. నోట్లో నొప్పి చేరితే తల ఇంకా పైకి లేస్తుంది.

ముందు జీను చూడండి. ఇన్నాళ్ల విశ్రాంతిలో వీపు కండ కరిగి, పాత జీను ముందుకు కూలబడి మూపు ఎముకకు ఆనుతుంది. మనిషి ఎక్కి కూర్చున్నాక జీనుకీ మూపుకీ మధ్య సందులో రెండు మూడు వేళ్లు పట్టకపోతే ఉరుకుడు అక్కణ్నుంచే రావచ్చు.

తర్వాత రెండు వారాలు జంపు మాటే ఎత్తకండి, నేలమీద పరిచిన పోల్స్ (పొడవాటి కర్రలు) చాలు. ఒకదానికి అలవాటయ్యాక నేరుగా మూడు పెట్టండి. రెండే పెడితే చాలా గుర్రాలు రెండింటినీ కలిపి ఒక్క గెంతులో దాటేస్తాయి. ట్రాట్‌కి మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు, దాని అంగను బట్టి కాస్త అటూఇటూ. చెవి పెట్టి వినండి: టక్, టక్, టక్ అని ఒకే లయలో పడాలి. చివరి పోల్ దగ్గర చప్పుళ్లు దగ్గరపడ్డాయంటే తొందర మొదలైనట్టే. గుండ్రటి పోల్ కాలికింద దొర్లితే గిట్టపై కీలు మెలిపడుతుంది, అందుకని రెండువైపులా ఇసుక ఎగదోయించండి. తేలికపాటి పీవీసీ పైపులు అసలొద్దు.

ఆ పైన, నడుమ 40 సెంటీమీటర్లుండే క్రాస్ (రెండు పోల్స్‌ని X ఆకారంలో పెట్టిన జంపు), దానికి 2.7 మీటర్ల ముందు ఒక పోల్. ట్రాట్‌లోనే రండి. ఎక్కడ గెంతాలో ఆ పోలే చెప్తుంది, మీరు పగ్గాలతో సర్దే పని తప్పుతుంది. గెంతేటప్పుడు జూలు పట్టుకోండి, నోరు గుంజకుండా ఉంటుంది.

దాణా_డబ్బా:
దాణా సంగతి ఎవరూ అడగలేదేం? పని సగమై, ఓట్సూ ఉలవలూ పాత కొలతే పోస్తుంటే ఆ పొగరు ఎక్కడికి పోతుంది? గింజ తగ్గించి గడ్డి పెంచండి, అదీ ఒక్కరోజులో కాదు, వారం పది రోజుల మీద.

ఇంకోటి. దమ్మూ కండా వారాల్లో తిరిగొస్తాయి, టెండన్‌కి నెలలు కావాలి. గుర్రం హుషారు చూసి మోసపోతారు. రోజూ పనికి ముందు రెండు ముంగాళ్లూ తడిమి పోల్చండి. ఎడమది కాస్త వెచ్చగా తగిలినా ఆ రోజు జంపులు లేవు, డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే. జంపులు వారానికి రెండు రోజులు, పూటకి పది పన్నెండుకు మించొద్దు.

బే_గెల్డింగ్:
జీను సందులో ఒక వేలే పట్టిందండి! మార్పిస్తాను. దిగాక ఆగకపోతే గోడకేసి తిప్పి ఆపమన్నారు, అది సరైనదేనా?

పగ్గం_వదులు:
గోడ వద్దు. ఆ హఠాత్తు బ్రేకు భారమంతా ముంగాళ్ల మీదే పడుతుంది. దిగాక అయిదారు అంగలు తిన్నగా పోనిచ్చి, 20 మీటర్ల వలయంలోకి తిప్పండి. మానిన కాలికి అంతకంటే చిన్న వలయం మంచిది కాదు. గెంతే ముందు ఉరికినా అదే మందు. కాకపోతే ఏడెనిమిది అంగల ముందే తిప్పేయాలి. జంపు ముందుకొచ్చాక తిప్పితే పక్కకు తప్పుకోవడం నేర్చుకుంటుంది, అది మాన్పించడం ఉరుకుడు మాన్పించడం కంటే కష్టం.

పగ్గం బిగించకుండా వరసగా మూడుసార్లు వస్తే 10 సెంటీమీటర్లు పెంచొచ్చు. అదే పూట కాదు, తర్వాతి జంపు రోజున.