కజుంగులా వంతెన దాటి కాసానేకి కారులో: ఎల్లో కార్డ్ ఎక్కడ తీసుకోవాలి?

లివింగ్‌స్టోన్ కొత్తమనిషి:
అందరికీ నమస్కారం. జాంబియాలోని లివింగ్‌స్టోన్‌లో అకౌంటెంట్ ఉద్యోగం. ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ దరఖాస్తు నడుస్తోంది, ఇంకా చేతికి రాలేదు. వచ్చే నెల భార్య, ఆరేళ్ళ పాప, అమ్మా నాన్నా వస్తున్నారు. ఒక శనివారం పొద్దున్నే బయల్దేరి, కజుంగులా వంతెన దాటి, బోత్స్వానా వైపు కాసానే వెళ్ళి, చోబే నేషనల్ పార్కులో ఏనుగులు చూసి సాయంత్రానికి వచ్చేద్దామని. కారు కంపెనీది, జాంబియా నంబరు. ఎల్లో కార్డ్ తీసుకోమని ఆఫీసులో చెప్పారు. అది ఎక్కడ ఇస్తారు? ఇదొక్కటి చెబితే చాలు.

లుసాకా బాబాయ్:
ఎల్లో కార్డ్ ఇక్కడ తీసుకునేది కాదు నాయనా, ఇండియాలోనే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని రావాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. టీకా వేసిన పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి ప్రయాణానికి రెండు వారాల ముందే చూసుకోమని మీవాళ్ళకి చెప్పండి. పదేళ్ళకోసారి మళ్ళీ వేయించుకోవాలన్న నిబంధన 2016లోనే పోయింది, ఇప్పుడు ఒకసారి వేస్తే జీవితాంతం. అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వస్తూ అక్కడ ఎక్కువసేపు ఆగితే ఈ కార్డు అడుగుతారు. అమ్మానాన్నలకి అరవై దాటితే డాక్టరుని అడక్కుండా వేయించకండి.

కాసానే పిన్ని:
బాబాయ్ గారూ, అబ్బాయి అడిగింది కారు సంగతి. మీరు చెప్పింది మనిషికిచ్చే పసుపు పుస్తకం. ఆఫీసువాళ్ళు చెప్పింది కామేసా (తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల వాణిజ్య కూటమి) ఎల్లో కార్డ్, అంటే కారు ఇన్సూరెన్స్. రెండూ పసుపే, రెండూ కార్డులే, అందుకే వచ్చిన ప్రతివాళ్ళూ ఇక్కడే తడబడతారు.

అసలు మాట ఏంటంటే, కాసానేకి ఆ కార్డు అక్కర్లేదు. కామేసాలో జాంబియా ఉంది, జింబాబ్వే ఉంది, బోత్స్వానా లేదు. డబ్బు పోసి ఎల్లో కార్డ్ తీసుకున్నా కజుంగులా అవతల దాన్ని ఎవరూ చూడరు. బోత్స్వానాలో రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవాళ్ళ సంగతి మోటార్ వెహికల్ యాక్సిడెంట్ ఫండ్ చూసుకుంటుంది. బయటి కార్లు సరిహద్దులోనే ఆ రుసుమూ రోడ్డు పర్మిటూ కట్టి రసీదు తీసుకోవాలి. మీకు ఎల్లో కార్డ్ పనికొచ్చేది విక్టోరియా ఫాల్స్ వంతెన మీదుగా కారుతో జింబాబ్వే వెళ్ళినప్పుడు. అది కావాలంటే మీ కారుకి ఇప్పుడు థర్డ్ పార్టీ పాలసీ ఇచ్చిన కంపెనీనే అడగండి, ఆ పాలసీకి తోడుగా ఇస్తారు. ఇంకోటి, సరిహద్దులో కట్టే ఆ రుసుము మనుషులకి తగిలిన దెబ్బలకే. మీ కారు దెబ్బతింటే మీ కాంప్రహెన్సివ్ పాలసీ జాంబియా దాటాక చెల్లుతుందో లేదో కంపెనీచేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

చోమా మాస్టారు:
పిన్నిగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే ఇన్సూరెన్స్ కన్నా ముందు తేలాల్సింది కారు ఎవరిదన్న సంగతి. కంపెనీ కారంటున్నారు కదా, అక్కడే ఆపుతారు.

వైట్ బుక్‌లో, అంటే కారు రిజిస్ట్రేషన్ పుస్తకంలో, కంపెనీ పేరుంటుంది, స్టీరింగ్ ముందు మీరుంటారు. కాబట్టి కంపెనీ లెటర్‌హెడ్ మీద అనుమతి పత్రం రాయించండి. అందులో మీ పూర్తి పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే, పాస్‌పోర్ట్ నంబరు, కారు నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఏ దేశానికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అన్నీ ఉండాలి. ‘ఈయన మా ఉద్యోగి, కారు వాడుకోవచ్చు’ అని రెండు ముక్కలు రాసిస్తే చాలదు. సంతకం పెట్టినాయన హోదా కూడా రాయాలి, కమిషనర్ ఆఫ్ ఓత్స్ (మన నోటరీ లాంటి అధికారి) ముద్ర ఉండాలి. కారు మీద బ్యాంకు అప్పు ఉంటే బ్యాంకు ఉత్తరం కూడా కావాలి. వైట్ బుక్ నకలు సర్టిఫై చేయించుకోండి. పోలీసుల దగ్గర వాహనం క్లియరెన్స్ కాగితం ముందే తీసుకోండి. అధికారి కారు దగ్గరికొచ్చి ఛాసిస్ నంబరు చూస్తాడు, తుప్పులో కనపడకపోతే గంట పోతుంది. బయల్దేరే ముందు రోజు గుడ్డతో తుడిచి చూసుకోండి.

కస్టమ్స్ కౌంటర్‌లో కారు తాత్కాలికంగా బయటికి వెళ్తోందని జెడ్‌ఆర్‌ఏ (జాంబియా పన్నుల శాఖ) దగ్గర నమోదు చేయించుకుని ఆ కాగితం పారేయకుండా ఉంచండి. తిరిగొచ్చేటప్పుడు అదే మీకు రక్ష. అది లేకపోతే ‘ఈ కారు కొత్తగా దిగుమతి అవుతోందా?’ అన్న ప్రశ్న వస్తుంది. కారు ఆగిపోతే రోడ్డు మీద పెట్టే హెచ్చరిక త్రికోణాలు రెండు ఉండాలి, ఒకటి కాదు.

లుసాకా బాబాయ్:
సరే, కారు సంగతే అనుకుందాం. నా టీకా సలహా మాత్రం వృథా కాదు, అమ్మానాన్నలు ఎటూ వస్తున్నారుగా. ఇక వంతెన మీదికి వద్దాం. అక్కడున్నది వన్ స్టాప్ బోర్డర్ పోస్ట్. మామూలు సరిహద్దులో ఇటువైపు ఎగ్జిట్ ముద్ర, అటువైపు ఎంట్రీ ముద్ర. ఇక్కడ అలా కాదు. జాంబియా నుంచి వెళ్ళేటప్పుడు ఇటువైపు ఆగక్కర్లేదు, వంతెన దాటి బోత్స్వానా వైపు భవనంలోకి వెళ్ళాలి. జాంబియా అధికారులూ అక్కడే కూర్చుంటారు. ముందు జాంబియా ఇమిగ్రేషన్ కిటికీలో ఎగ్జిట్, ఆ తర్వాత బోత్స్వానా కిటికీలో ఎంట్రీ, ఆ తర్వాత కస్టమ్స్, రుసుములు. తిరుగు ప్రయాణంలో ఇదే తంతు జాంబియా వైపు భవనంలో.

కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటే. బోత్స్వానా కిటికీ దగ్గర వరుస చిన్నగా ఉందని నేరుగా అక్కడ నిలబడతారు, ముద్ర వేయించుకుని వచ్చేస్తారు. జాంబియా ఎగ్జిట్ ముద్ర పడదు. సాయంత్రం తిరిగొస్తే ‘మీరు దేశం వదిలి వెళ్ళనే లేదు, మళ్ళీ ఎలా వస్తున్నారు?’ అంటారు. ఇంటిల్లిపాదివీ ఐదు పాస్‌పోర్టులూ కారెక్కే ముందే తిప్పి చూసుకోండి, ఒక్కొక్క దాంట్లో రెండేసి ముద్రలు.

ఇంకో విషయం వివరంగా చెప్పాలి. కారు ఆగీ ఆగకముందే మెళ్ళో ఏదో ఒక ట్యాగు వేసుకున్న కుర్రాళ్ళు కిటికీలోకి తొంగిచూస్తారు. ‘ఏజెంట్ సార్, పదినిమిషాల్లో పని’ అంటారు. మనవాళ్ళ కుటుంబం ఒకటి అలాగే ఒకతనికి పాస్‌పోర్టులు, కారు కాగితాలు, డబ్బు ఇచ్చి ఏసీ వేసుకుని కారులో కూర్చుంది. నలభై నిమిషాలకి అతను ఓ ముద్ర ఉన్న ఇన్సూరెన్స్ చీటీ, ఓ రోడ్డు రసీదు, పాస్‌పోర్టులు పట్టుకొచ్చాడు. అంతా సజావే అనుకున్నారు. కాసానే దారిలో చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ పోలీసు చీటీ చూస్తే అది వేరే కారు నంబరు మీదుంది, గడువు తీరిన చీటీనే మళ్ళీ అమ్మాడన్నమాట. అక్కడ జరిమానా కట్టారు. సరిహద్దుకి వెనక్కి వెళ్ళి అసలు రుసుము కట్టారు. ఏజెంట్ ఫోను మోగింది, ఎత్తలేదు. పైగా చిల్లర అని అతనిచ్చిన నోట్లలో 2013కి ముందువి, చెల్లని పాత క్వాచాలు ఉన్నాయి. చోబే పడవ టైము దాటిపోయింది, పిల్లలు ఏడుపు. ఆ పనంతటికీ కావలసింది నాలుగు కిటికీల దగ్గర నిలబడే ఓపిక, అంతే. సరుకు లారీలకి క్లియరింగ్ ఏజెంట్ కావాలి, కుటుంబం కారుకి అక్కర్లేదు. డబ్బు కిటికీలో ఇవ్వాలి, రసీదు కిటికీలోంచే రావాలి, రసీదు మీద మీ కారు నంబరు అక్కడే నిలబడి చదువుకోవాలి. కొంచెం బోత్స్వానా డబ్బు, అంటే పూలా, ముందే దగ్గర పెట్టుకోండి, రోడ్డు మీద మార్చకండి.

ఫ్రాన్సిస్‌టౌన్ వరంగలాయన:
బాబాయ్ మంచిగ చెప్పిండు గని కారు కంటె ముందుగాల బిడ్డ సంగతి చూడుండ్రి అన్నా. బోత్స్వానాల 2016 అక్టోబర్ సంది పిల్లలకు పాస్‌పోర్టొక్కటే సాలదు. తల్లి పేరు, తండ్రి పేరు రెండూ ఉన్న బర్త్ సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీ కావాలె. దవాఖాన్ల ఇచ్చిన చిట్టీ నడవదు. మన దిక్కు ఇంకో లొల్లి ఉంటది. పుట్టినప్పుడు తీసుకున్న సర్టిఫికెట్ల బిడ్డ పేరు జాగ ఖాళీగ ఉంటది, పేరు తర్వాత పెడ్తరు కద. గది అట్లనే తెస్తే పాస్‌పోర్టుకు జోడు కలవదు. వదిన బయల్దేరకముందే మీ-సేవల పేరు ఎక్కించుకొని తెమ్మను. తల్లి ఇంటిపేరు సర్టిఫికెట్ల ఒక తీరు, పాస్‌పోర్టుల ఇంకో తీరు ఉంటే పెండ్లి సర్టిఫికెట్ సుత పెట్టుకోమను. అమ్మానాయినల ఒక్కరే తీస్కపోతే రెండో వాళ్ళ అఫిడవిట్ కావాలె.

ఇంగ పొద్దుగూకినంక ఆ రోడ్ల మీద నడపకండ్రి. కజుంగులా నుంచి నాటా దాక ఏనుగులు రోడ్డు దాటుతనే ఉంటయ్. నల్లటి ఏనుగు, నల్లటి తారు, లైట్ల వెలుగుల కాళ్ళు కనవడేదాక తెల్వది.

చోమా మాస్టారు:
దీనికే వంతెన రాకముందు నది దాటించిన పాంటూన్ (బల్లకట్టు) నయం. చీకటి పడితే ఆగిపోయేది, జనం ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాళ్ళు.

లుసాకా బాబాయ్:
మాస్టారూ, పాంటూన్ నయమా! లారీలు రోజుల తరబడి ఒడ్డున పడి ఉండేవి. 2003లో మోయలేనంత బరువేసిన లారీ ఎక్కితే పాంటూన్ బోల్తాపడి పద్దెనిమిది మంది పోయారు. 2021 మే 10న వంతెన తెరిచాక కదా ఆ బాధ తీరింది. 923 మీటర్ల వంతెన, నడుమ రైలు పట్టాకి చోటు కూడా వదిలారు.

చోమా మాస్టారు:
వంతెన వద్దని ఎవరన్నారు? అది వంకరగా ఎందుకు కట్టారో అందరికీ తెలీదు, అందుకని చెబుతున్నా. తిన్నగా కడితే జింబాబ్వే నేల తగులుతుంది. నాలుగు దేశాలు ఒక్క బిందువులో కలిసే చోటది.

కాసానే పిన్ని:
ఒక్క బిందువులో కలవవు మాస్టారూ. జాంబియాకీ బోత్స్వానాకీ నడుమ నదిలో నూటయాభై మీటర్ల సొంత సరిహద్దు ఉంది. ఒకే బిందువని వాదించింది 1970లో దక్షిణాఫ్రికా. అప్పుడు నమీబియా వాళ్ళ చేతిలో ఉంది కదా, బోత్స్వానాకి జాంబియాతో సరిహద్దే లేదు, కాబట్టి ఫెర్రీ చెల్లదన్నారు. బోత్స్వానా ఒప్పుకోలేదు. ఆ ముక్క నీళ్ళ మీదే ఇవాళ వంతెన ఉంది. మీరు బిందువంటే వంతెన కట్టడానికే హక్కుండదు.

చోమా మాస్టారు:
ఒప్పుకున్నాను. వంకర మాత్రం జింబాబ్వే వల్లే.

కాసానే పిన్ని:
అది నిజమే లెండి. అబ్బాయీ, మీకు ఎవరూ చెప్పని మాట ఒకటుంది. పర్మిట్ చేతికి రాకుండా మీరు సరిహద్దు దాటకండి. దరఖాస్తు నడుస్తున్నప్పుడు బయటికి వెళ్తే తిరిగి ఏ హోదాలో లోపలికి రానివ్వాలన్నది కిటికీలో కూర్చున్న మనిషి తేల్చాలి. జాంబియాలో బిజినెస్ విజిటర్‌కి పన్నెండు నెలల్లో ముప్ఫై రోజులు, టూరిస్టుకి తొంభై రోజులు. ఒకసారి బయటికెళ్ళి వస్తే లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, కాదు. మీ భార్యాబిడ్డల పేర్లు పర్మిట్‌లో చేరాయో లేదో చూసుకోండి. అమ్మానాన్నలకి జాంబియా వీసా సింగిల్ ఎంట్రీ తీసుకుంటే కాసానే వెళ్ళిరాగానే అది అయిపోయినట్టే, మల్టిపుల్ తీసుకోండి. బోత్స్వానా వీసా మన పాస్‌పోర్ట్‌కి విడిగా కావాలి, ఆన్‌లైన్‌లో ముందే పెట్టండి. కాజా యూనివీసా అంటూ ఒకటుంది, అది జాంబియా, జింబాబ్వేలది. కజుంగులా మీదుగా బోత్స్వానాకి ఒక రోజు వెళ్ళొచ్చినా అది రద్దవదు, అంతవరకే. బోత్స్వానా వీసా దాంట్లో కలిసి లేదు.

అప్పటిదాకా మీవాళ్ళకి సరిహద్దు సరదా తీర్చాలంటే విక్టోరియా ఫాల్స్ వంతెనకి తీసుకెళ్ళండి. జాంబియా ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్ట్ చూపించి గేట్ పాస్ చీటీ అడిగితే ముద్రలేవీ లేకుండా వంతెన మీదికి నడిచి వెళ్ళి వెనక్కి రావచ్చు. 1905 నాటి వంతెన, 128 మీటర్ల కింద నది. అమ్మానాన్నలకి చోబే చూపించాలనుంటే లివింగ్‌స్టోన్ టూర్ కంపెనీలు వంతెన దాకా ఒక బండిలో తీసుకెళ్ళి, అటువైపు ఇంకో బండి ఎక్కిస్తాయి. మీ కారు కాగితాల గొడవే ఉండదు.

లివింగ్‌స్టోన్ కొత్తమనిషి:
అందరికీ చాలా థాంక్స్. ఎల్లో కార్డ్ అడిగితే ఇంత బయటపడింది. కారు వదిలేస్తాను, నేనూ ఆగుతాను. వాళ్ళు టూర్ బండిలో వెళ్తారు. అమ్మ పెరుగన్నం, ఆవకాయ కట్టుకెళ్తానంటోంది, ఏమన్నా అంటారా? నాన్నగారి మందుల సంచి కూడా పెద్దదే.

కాసానే పిన్ని:
ఆవకాయకి భయం లేదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు, పచ్చి మాంసం సరేసరి. పశువుల గాలికుంటు వ్యాధి భయంతో పాలు, పెరుగు దగ్గర కూడా గట్టిగా పట్టుకుంటారు, పెరుగన్నం మానేసి పులిహోర కట్టుకోమనండి. కరివేపాకు మొక్క గానీ పచ్చి ఆకు గానీ తేవొద్దు.

మందుల సంగతి బోత్స్వానా కన్నా జాంబియాలోనే జాగ్రత్త. కోడైన్ ఉన్న దగ్గు మందు, డైఫెన్‌హైడ్రమిన్ ఉన్నది, అంటే మన బెనడ్రిల్ లాంటిది, ఇక్కడ డ్రగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ కమిషన్ పట్టుకుంటుంది. ఇండియాలో బయల్దేరకముందే అవి సంచిలోంచి తీసేయమనండి. మిగిలిన మాత్రలు స్ట్రిప్పులతోనే ఉంచి, డాక్టరు చీటీలో మందుల అసలు పేర్లు రాయించుకోమనండి. మాత్రలు విడదీసి డబ్బాల్లో పోసుకురావద్దు.

ఆ పశువుల వ్యాధి భయంతోనే వంతెన అవతల బండి చక్రాలు మందునీళ్ళలోంచి పోతాయి, మనుషులు దిగి తడి గోనె మీద చెప్పులు తొక్కాలి. డిక్కీలో ఉన్న చెప్పులు కూడా తీయించి తొక్కిస్తారు. అమ్మగారికి ఆరోజు తోలు చెప్పులు వద్దు, రబ్బరు చెప్పులు వేయించండి.