మాట్లాడతారు, రాయమంటే ఆగిపోతారు. ఈ పిల్లలకు ఎలా సాయపడాలి?

ప్రశ్న:
డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్ళకు ఎకనామిక్స్ చెబుతున్నాను. బయట కనిపిస్తే నాతో ఇంగ్లీషులో చక్కగా మాట్లాడే పిల్లలే పరీక్షలో ద్రవ్యోల్బణం మీద నాలుగు వాక్యాలు రాయమంటే తడబడుతున్నారు. విషయం రాదా అంటే, సొంత భాషలో అడిగితే గడగడా చెబుతారు. గ్రామర్ మొదటినుంచీ చెప్పాలా? తప్పు కనిపించిన ప్రతిచోటా దిద్దాలా? వెనకబడిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఫిజిక్స్ లెక్చరర్):
మేడమ్, మాటల ఇంగ్లీషు వేరు, చదువుల ఇంగ్లీషు వేరు. భాషా విద్యపై పరిశోధించిన జిమ్ కమిన్స్ 1979లోనే ఈ రెంటినీ విడదీసి చూపించారు. కెనడాకు వలస వచ్చిన బడిపిల్లలకు మొదటిది సుమారు రెండేళ్ళలో పట్టుబడితే, రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్ళు పట్టిందని ఆయన తర్వాత రాశారు. మీ పిల్లలు ఇంకా దారి మధ్యలో ఉన్నారంతే.

నేను ప్రశ్న వేయగానే చేతులెత్తమనను. ముందు ఒక నిమిషం కాగితం మీద రాసుకోమంటాను, ఏ భాషైనా సరే. తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడుకుంటారు. ఆ తర్వాతే ఇంగ్లీషులో చెప్పాలి. ఎప్పుడూ తలదించుకుని కూర్చునేవాళ్ళు కూడా అప్పుడు నోరు విప్పుతారు. టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకనే ఆగుతారని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గమనించారు. సొంత భాషలో చదివేవాళ్ళకే అంత వ్యవధి కావాలంటే, మన పిల్లలకు ఇంకెంత కావాలి!

పేపరంతా ఎర్రసిరాతో నింపకండి, దయచేసి. డిమాండ్, సప్లయ్ తారుమారైన వాక్యం దిద్దండి. ఆర్టికల్ పోతే ఈసారికి వదిలేయండి.

జవాబు (పీజీ విద్యార్థిని):
నన్ను ఇబ్బంది పెట్టినవి సబ్జెక్టు పదాలు కావు. ఇన్‌ఫ్లేషన్ అంటే ఏమిటో మేడమ్ గంటసేపు చెబుతారు. అస్యూమ్, డిరైవ్, కన్సిస్టెంట్ లాంటివి అన్ని పాఠాల్లోనూ వస్తాయి, ఎవరూ ఆగి చెప్పరు. భాషా పరిశోధకురాలు ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో అలాంటి 570 పద కుటుంబాలను (ఒక మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) జాబితాగా ఇచ్చారు. బట్టీ పట్టించకండి, పాఠంలో తగిలినప్పుడు ఒక వాక్యంలో వాడి చూపిస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్. మరి నమూనా జవాబు ఇస్తే కాపీ కొడతారా?

ఫిజిక్స్ లెక్చరర్:
వేరే ప్రశ్నకు రాసిన జవాబు ఇవ్వండి. కారణం ఎక్కడ మొదలైంది, ఉదాహరణ ఎక్కడ వచ్చింది, వాళ్ళతోనే గీతలు గీయించండి. ఆ వరుసలో మీ ప్రశ్నకు సొంతంగా రాయమనండి.