'ఇల్‌మాటిక్' విడుదలైన నాటి సమీక్షలు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం. మాది కడప. మా కళాశాల పత్రిక కోసం ర్యాపర్ నాస్ తొలి ఆల్బమ్ 'ఇల్‌మాటిక్' (1994) మీద వ్యాసం రాస్తున్నాను. న్యూయార్క్‌లోని క్వీన్స్‌బ్రిడ్జ్ ప్రభుత్వ గృహ సముదాయంలో తాను పెరిగిన తీరును 20 ఏళ్ల యువకుడు సుమారు 40 నిమిషాల్లో చెప్పాడు. జైల్లో ఉన్న స్నేహితుడికి రాసిన ఉత్తరంలా సాగే పాట నన్ను ఇంకా వదలడం లేదు.

అమెరికా హిప్‌హాప్ పత్రిక 'ది సోర్స్' అయిదుకు అయిదు మైకులు (ఆ పత్రిక ఇచ్చే రేటింగు) ఇచ్చింది. అమ్మకాలు మాత్రం మొదట మందకొడిగానే సాగాయి. విమర్శకులు అంతగా మెచ్చినది శ్రోతలకు ఎందుకు ఆలస్యంగా చేరింది? తర్వాతి కాలపు పొగడ్తలు కావలసినన్ని చదివాను, అవి చాలు. ఆనాటి సమీక్షలు, ముఖ్యంగా పెదవి విరిచినవి, పూర్తిగా ఎక్కడ చదవవచ్చు? కడపలో పాత అమెరికా సంగీత పత్రికలు నాకు దొరకలేదు. సంచికలు దాచుకున్నవారు ఉంటే దయచేసి చెప్పండి.