విండోస్ వస్తోంది, ఉబుంటు రావట్లేదు: గ్రబ్ మెనూ తిరిగి ఎలా తెచ్చుకోవాలి?

ఒకే ఎస్‌ఎస్‌డీలో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. బయోస్ అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి గ్రబ్ మెనూ (ఆన్ చేయగానే ఏ ఓఎస్‌లోకి వెళ్లాలో ఎంచుకునే స్క్రీన్) కనిపించడం లేదు, ఆన్ చేస్తే నేరుగా విండోస్‌లోకే వెళ్లిపోతోంది. బూట్ ఆర్డర్‌లో ఉబుంటు పేరే లేదు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి చూస్తే లినక్స్ పార్టిషన్ తెరుచుకుంటోంది, నా ఫైళ్లన్నీ ఉన్నాయి, బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉబుంటు ఫోల్డరూ అందులో షిమ్ ఫైలూ (గ్రబ్‌ను మొదలుపెట్టేది) అలాగే ఉన్నాయి, కాబట్టి పోయింది బూట్ ఎంట్రీ ఒక్కటే అనిపిస్తోంది. బూట్ ఎంట్రీలను మార్చే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ (efibootmgr) కమాండ్‌తో దాన్ని మళ్లీ చేరిస్తే సరిపోతుందా, లేక క్రూట్ (chroot) చేసి, అంటే లైవ్ యూఎస్‌బీ నుంచే డిస్కులోని ఉబుంటులోకి వెళ్లి, గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందేనా? అసలు టెన్షన్ విండోస్ డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్‌తోనే. అది ఆన్‌లో ఉంది, బూట్ సెట్టింగులు మారిస్తే రికవరీ కీ అడగొచ్చు కదా, ముందే సస్పెండ్ చేసి పెట్టాలా? నా థీసిస్ పనంతా ఉబుంటులోనే ఉంది. ఇలాంటిది సరిచేసినవాళ్లు ఏది ముందు చేయాలో కాస్త వరసగా చెప్పండి, ప్లీజ్.