బోరు నీళ్లకి రేటు పెడితే బోర్లు ఎండిపోవడం ఆగుతుందా?

కదిరి చీనీతోట

అందరికీ నమస్కారం. మాది కదిరి దగ్గర పల్లె. చీనీ (బత్తాయి) తోట ఉంది, మిగతా చేలో వేరుశనగ వేస్తాం. మా వైపు ఒకప్పుడు రెండొందలు మూడొందల అడుగుల్లో నీళ్లు పడేవి, ఇప్పుడు వెయ్యి అడుగులు దాటి పోతున్నారు, అయినా గ్యారంటీ లేదు. ఒకాయన లోతుగా వేస్తాడు, పక్క చేను బోరు తగ్గిపోతుంది, వాళ్లు అప్పు చేసి ఇంకా లోతుకి వేస్తారు, అప్పుడు మొదటాయనది తగ్గుతుంది. ఎండాకాలం చెట్లు బతికించుకోడానికి ట్యాంకర్లతో నీళ్లు తోలినవాళ్లు ఉన్నారు, అదీ కుదరక తోట కొట్టేసినవాళ్లూ ఉన్నారు.

ఊళ్లో రెండు వాదనలు నడుస్తున్నాయి. ఎకనామిక్స్ చదివిన మా బంధువుల అబ్బాయి ఏమంటాడంటే, కరెంటు ఫ్రీ, నీళ్లు ఫ్రీ, అందుకే తోడేస్తున్నారు, మీటరు పెట్టి యూనిట్‌కి ఇంత అంటే అందరూ దారికొస్తారు అని. మా చిన్నాన్న ఏమంటాడంటే, మీటరు పెట్టిన రోజున రెండెకరాల రైతు మోటారు ఆపేసి బెంగళూరు బస్సెక్కుతాడు, పదెకరాల రైతు బిల్లు కట్టి ఇంకా ఎక్కువ తోడతాడు అని. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నట్టే ఉంది. ఏ పార్టీ మంచిది అనే గొడవ వద్దు. కొరతగా ఉన్న నీళ్లు పంచుకోడానికి రేటు పెట్టడం తప్ప వేరే దారి ఉందా, రేటు పెట్టినచోట ఏం జరిగింది, తెలిసినవాళ్లు చెప్పండి.

గ్రానైట్ నేల

భూగర్భ జలాల పని మీద చాలా ఏళ్లు రాయలసీమలో తిరిగినవాణ్ణి, అందుకే ముందు లెక్క చెప్తాను, వాదన తర్వాత.

మీ వైపు ఏడాదికి వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. కింద ఉన్నది గట్టి రాయి, పడిన వానలో భూమిలోకి దిగేది పది శాతం వేసుకుందాం, అంటే 55 మి.మీ. ఎకరం మీద 1 మి.మీ. నీళ్లంటే సుమారు 4,000 లీటర్లు. ఆ లెక్కన ఎకరానికి ఏడాది మొత్తంలో కిందకి చేరేది 2 లక్షల 20 వేల లీటర్లు. అదే ఎకరంలో వరి నాటితే కావలసింది 1,200 మి.మీ. దగ్గర దగ్గర, అంటే 48 లక్షల లీటర్లు. మడిలో పెట్టిన నీళ్లలో సగం మళ్లీ కిందకే ఇంకాయనుకున్నా, ఒక ఎకరం వరికి పది పదకొండు ఎకరాల మీద పడి ఇంకిన వాన కావాలి. ఆ మిగతా ఎకరాలు పక్కవాళ్లవి.

కానీ 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి మన దేశంలో నడుస్తున్న పద్ధతి ఏమిటంటే, ఎవరి భూమి కింద నీళ్లు వాళ్లు ఎంతైనా తోడుకోవచ్చు. నీళ్లేమో రాతి పగుళ్ల వెంట సర్వే నంబర్లు దాటి పోతాయి. నేను ఈ ఏడాది తక్కువ తోడితే అవి నాకు మిగలవు, పక్కాయన మోటార్లోకి పోతాయి. పొదుపు చేసినవాడే నష్టపోయే ఏర్పాటు ఇది. అసలు జబ్బు ఇక్కడుంది, ఫ్రీ కరెంటు దాన్ని పెంచింది.

కరెంటు సంగతికొస్తే, 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయల శ్లాబు పెట్టింది. శ్లాబు కట్టేశాక గంట నడిపినా పది గంటలు నడిపినా ఒకటే బిల్లు. అంటే ఇంకో గంట నడపడానికి అయ్యే ఖర్చు అప్పుడే సున్నా అయిపోయింది, 2004లో వైఎస్ ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టాక కొత్తగా అయింది కాదు. 5 హెచ్‌పీ మోటారు తొమ్మిది గంటలు నడిస్తే 34 యూనిట్లకి తక్కువ కాలదు. యూనిట్ ఆరు రూపాయలు అనుకున్నా రోజుకి రెండొందలు, అది ప్రభుత్వం కడుతోంది. అయితే అది తోడే ఖర్చు మాత్రమే. నీళ్ల ఖర్చు రైతు వేరే చోట కడుతున్నాడు, ఫెయిలైన బోర్లకి, కేసింగ్‌కి, వడ్డీకి. మీ బంధువుల అబ్బాయి లెక్కలో ఇది లేదు. నీళ్లు నిజంగా ఫ్రీ అయితే మీ ఊళ్లో బోరు అప్పులు ఎందుకుంటాయి?

ఈ ఖర్చుతో చిక్కేమిటంటే, ఇది నీళ్లు రాకముందే పడుతుంది. వాడకం తగ్గిస్తే తగ్గే ఖర్చు కాదు. ఒకసారి మూడు నాలుగు లక్షలు భూమిలో పెట్టాక, నీళ్లు పడ్డవాడు ఆ డబ్బు రాబట్టుకోడానికి ఇంకా ఎక్కువ తోడతాడు. కాబట్టి ఊరి మొత్తానికి ఇంతకంటే తోడకూడదు అనే హద్దు లేకుండా మీటరు ఒక్కటే తెచ్చి పెడితే మీ చిన్నాన్న చెప్పిందే జరుగుతుంది. నీళ్లు తగ్గుతాయో లేదో గానీ, ఎవరు వ్యవసాయం మానెయ్యాలో మాత్రం బిల్లు తేలుస్తుంది.

సిద్దిపేట సాగు

అన్నా, మా దిక్కు సంగతి కూడా రాస్తున్నా, ఎందుకంటే రేటు లేకుండా కూడా నీళ్ల వాడకం ఎట్లా మారుతుందో మేము చూసినం.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు. అంతకుముందు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక, అర్ధరాత్రి చేనుకు పోయి పాముకాటుకు, షాకుకు పోయినోళ్లున్నరు కాబట్టి అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నరు. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. 24 గంటలు వచ్చేసరికి ఆ బోర్లన్నీ రాత్రీ పగలూ పోసుడే. కొన్ని ఊర్లల్ల రైతులే మాకు తొమ్మిది గంటలు చాలని అడిగిన్రు, ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వమే ఊరూరా చెప్పింది. అంటే కరెంటు ఇచ్చే గంటలే ఒక రకం రేషన్ అన్నమాట. గుజరాత్‌లో 2003 తర్వాత జ్యోతిగ్రామ్ అని ఊరి ఇళ్లకు ఒక లైను, మోటార్లకు వేరే లైను వేసిన్రు. ఇళ్లకు రోజంతా, మోటార్లకు ఎనిమిది గంటలు, కానీ చెప్పిన టైముకు పూర్తి వోల్టేజీతో. ఏ బోరుకూ మీటరు పెట్టకుండానే తోడుడుకు హద్దు వచ్చింది.

ఇంకో మాట. నీళ్ల రేటు గురించి అందరూ మాట్లాడుతరు, వడ్ల రేటు గురించి మాట్లాడరు. వడ్లకు మద్దతు ధర ఉంది, ఊర్ల కొనుగోలు సెంటర్ ఉంది. జొన్నకు, కందికి, పల్లికి అంత భరోసా లేదు. రెండించుల నీళ్లున్న రైతు ఏ పంట వేస్తడు చెప్పండి? ఆరుతడి పంటకు, అంటే మడి నింపకుండా అప్పుడప్పుడు తడి ఇస్తే చాలే పంటకు, అట్లనే సెంటర్ పెట్టి కొంటే, నీళ్ల మీద రూపాయి వెయ్యకుండానే సగం మడులు మారుతయి. ఇది నేను గట్టిగా నమ్ముతున్నా.

మిల్డూరా తెలుగు

మాది తెనాలి, ఆస్ట్రేలియాలో మరే నది ఒడ్డున మిల్డూరాలో పండ్ల తోటల కంపెనీ లెక్కలు చూస్తాను. "రేటు పెట్టినచోట ఏం జరిగింది" అన్నారు కదా, నీళ్లు కొనడం అమ్మడం నేను రోజూ చూసే పనే కాబట్టి చెప్తాను.

ఇక్కడ ముందు జరిగింది రేటు కాదు, హద్దు. మరే-డార్లింగ్ బేసిన్‌లో నది సముద్రం దాకా చేరడం కష్టమయ్యాక, 1993-94 నాటి స్థాయి దాటి ఎవరూ తోడకూడదని 1995లో కట్టడి పెట్టారు. తర్వాత నీటి హక్కుని భూమి నుంచి విడదీశారు, భూమి అమ్మకుండా నీళ్లు అమ్ముకోవచ్చు. హక్కు అంటే ఖాయంగా ఇన్ని లీటర్లు అని కాదు, వాటా. ఏ ఏడాదికా ఏడాది డ్యాముల్లో నీళ్లు చూసి, మీ వాటాలో ఇంత శాతం ఇస్తున్నాం అని ప్రకటిస్తారు. న్యూ సౌత్ వేల్స్‌లో హై సెక్యూరిటీ (ముందు నీళ్లు దక్కే వాటా), జనరల్ సెక్యూరిటీ (ఆ తర్వాత మిగిలితే దక్కే వాటా) అని రెండు రకాలున్నాయి. తోటలవాళ్ల దగ్గర మొదటిది, వరి రైతుల దగ్గర రెండోది ఎక్కువ.

2007 ప్రాంతంలో ఘోరమైన కరువొచ్చింది. పది లక్షల టన్నులు దాటి వడ్లు పండిన దేశంలో 2007-08లో 20 వేల టన్నులు కూడా రాలేదు. మెగాలీటరు, అంటే పది లక్షల లీటర్లు, ఒక దశలో వెయ్యి డాలర్ల దాకా పలికింది. వరి రైతులు నాటడం మానేసి దొరికిన కొద్ది నీళ్లు అమ్ముకున్నారు, నది దిగువన ద్రాక్ష, బాదం తోటలవాళ్లు కొని చెట్లు బతికించుకున్నారు. వరి ఒక ఏడాది ఆపి మళ్లీ వేసుకోవచ్చు, చెట్టు ఎండితే పదేళ్ల పని పోతుంది. ఆ కోణంలో చూస్తే మార్కెట్ మంచి పని చేసింది. మీ ఊళ్లో చీనీకి, వేరుశనగకి మధ్య తేడా కూడా ఇదే కదండీ.

రెండో వైపు కూడా చెప్పాలి. డెనిలిక్విన్ అనే ఊళ్లో చాలా పెద్ద రైస్ మిల్లు ఆ కరువులో మూతపడింది. నీళ్లమ్మిన రైతుకి డబ్బొచ్చింది, మిల్లులో పనిచేసేవాళ్లకి ఏమీ రాలేదు, ఎందుకంటే వాళ్ల పేరు మీద వాటా లేదు. అనాదిగా ఆ నది ఒడ్డున బతికిన ఆదివాసుల చేతిలో ఉన్న హక్కులు చాలా కొద్ది. నదికి నీళ్లు మిగల్చడానికి ప్రభుత్వం రైతుల దగ్గర హక్కులు కొంటోంది, అయినా 2018-19 వేసవిలో మెనిండీ దగ్గర డార్లింగ్ నదిలో చేపలు లక్షల్లో చచ్చి తేలాయి. నీళ్ల బ్రోకర్ల మీద సరైన నియంత్రణ లేదని మార్కెట్లలో పోటీ సరిగ్గా నడుస్తోందా అని చూసే ఇక్కడి ప్రభుత్వ కమిషన్ 2021లో పెద్ద రిపోర్టే ఇచ్చింది.

ఇంకొకటి, ఇక్కడున్నవి పెద్ద ఫారాలు, నది మీద డ్యాములు, ప్రతి తూముకీ మీటరు. మన దేశంలో బావులు, బోర్లు కలిపి రెండు కోట్లకు పైనే. ఈ మార్కెట్‌ని యథాతథంగా తీసుకొచ్చి పెట్టడం కుదరదు. కానీ హద్దు ముందు, వాటా తర్వాత, అమ్మకం ఆ తర్వాత అన్న వరస మాత్రం తీసుకోవచ్చు.

కదిరి చీనీతోట

అందరికీ థ్యాంక్స్. 48 లక్షల లీటర్ల లెక్క ఊళ్లో చూపిస్తాను. కానీ హద్దు అంటే ఎవరు పెడతారు, ఎవరు వింటారు? కొత్త బోరుకి పర్మిషన్ కావాలని వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచే ఉంది, రాత్రికి రాత్రి బోరు వేస్తుంటే ఆపినవాళ్లు మాకు కనపడలేదు. ఇంకో సందేహం, డ్రిప్ వేసుకుంటే ఈ గొడవంతా తగ్గదా?

నీరుగంటి మనవరాలు

డ్రిప్ మంచిదే అన్నా, మా ఇంట్లోనూ ఉంది. కానీ హద్దు లేనిచోట డ్రిప్ వేస్తే మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు సాగులోకి తెస్తారు. రైతుకి లాభమే, నీటిమట్టం మాత్రం అలాగే పడిపోతుంది. మా వైపు టమాటా అలాగే పెరిగింది.

మా తాత చెరువు కింద నీరుగంటి, అంటే పొలాలకి నీళ్లు పంచే మనిషి. చెరువు సగమే నిండిన ఏడాది ఎవరెవరు ఎంత మాగాణి నాటాలో తూము ఎత్తకముందే అందరూ కూర్చుని దామాషా ప్రకారం తేల్చుకునేవాళ్లు, ఆ తర్వాత వంతు తప్పకుండా నీళ్లు కట్టేది మా తాత. ఆస్ట్రేలియా అన్న చెప్పిన శాతం పద్ధతి అదే కదా. ఆ పనికి కూలిగా కళ్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్లు, దాన్నే మేర అంటారు. చెరువులో నీళ్లు కళ్లకి కనపడతాయి కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. బోరు నీళ్లతో కష్టమేమిటంటే ఎంతున్నాయో ఎవరికీ కనపడదు.

దానికీ మన దగ్గర దారి వెతికారు. 2003 తర్వాత కొన్నేళ్లు ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ (రైతులే భూగర్భ జలాలు చూసుకునే పద్ధతి) అని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ సాయంతో ఒక ప్రాజెక్టు నడిచింది, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, అనుకున్న పంటలకి ఎన్ని కావాలి అని గోడ మీద లెక్క రాశారు. ఫైన్ లేదు, సబ్సిడీ ఎర లేదు. లోటు కళ్లకి కనపడ్డాక చాలాచోట్ల వరి తగ్గించి ఆరుతడి వేశారు. అనంతపురం జిల్లాలోనే కొన్ని పల్లెల్లో ఇంకో అడుగు ముందుకేసి, ఉన్న బోర్లని పైపులతో కలిపి, కొత్త బోరు వేయబోమని రాసుకుని, బోరు లేనివాళ్ల వేరుశనగకి కూడా ఒకటి రెండు తడులు ఇచ్చుకున్నారు. బోరున్నవాడు ఎందుకు ఒప్పుకుంటాడంటే, పక్కన కొత్త బోరు పడదన్న భరోసా దొరుకుతుంది కాబట్టి. తన బోరు ఎండిపోతుందన్న టెన్షన్ తగ్గడం కంటే రైతుకి ఇంకేం కావాలి?

అధికారి వచ్చి ఆపడు అన్నా. పక్క చేను మనిషి ఆపితేనే ఆగుతుంది.

కదిరి చీనీతోట

పైపులు కలపడం గురించి మా ఊళ్లో మాట్లాడొచ్చు అనిపిస్తోంది. ఒక్కటే అడ్డం. మా దగ్గర సగంమంది కౌలుకి చేసేవాళ్లు. వాటా భూమి ఓనరుదా, కౌలు రైతుదా? భూమే లేనివాళ్లకి అసలు ఏమైనా ఉంటుందా?

గ్రానైట్ నేల

చాలా ప్రాజెక్టులు ఈ ప్రశ్న దగ్గరే తప్పించుకున్నాయి. మహారాష్ట్రలో విలాస్‌రావ్ సాళుంఖే 1972 కరువు తర్వాత పుణె జిల్లా పురందర్ తాలూకాలో పానీ పంచాయత్ మొదలుపెట్టినప్పుడు దీనికి నేరుగా జవాబు చెప్పారు. నీటి వాటా భూమిని బట్టి కాదు, ఇంట్లో తలల లెక్కన, మనిషికి అరెకరానికి సరిపడా, ఒక కుటుంబానికి రెండున్నర ఎకరాలు మించకుండా. భూమి లేనివాళ్లకీ వాటా ఉంది. భూమి అమ్మితే నీళ్లు దానితో పోవు. చెరకు వేయకూడదు. ఖర్చులో ఐదో వంతు రైతులే ముందు కట్టాలి, అందుకే నాది అన్న పట్టు వచ్చింది.

మీ ఊళ్లో తలల లెక్క వెంటనే ఒప్పుకోకపోవచ్చు, ముఖ్యంగా బోర్లకి లక్షలు పెట్టినవాళ్లు. నేనైతే ముందు చెట్లు బతికే కనీస తడి తీసి పక్కన పెట్టి, మిగిలిందాన్ని సాగుచేసే మనిషి పేరు మీద వాటాగా రాయమంటాను, ఓనరు పేరు మీద కాదు. నీరుగంటి మనవరాలు గారు చెప్పిన గోడ మీద లెక్క లేకుండా ఏ పద్ధతీ నిలబడదు కాబట్టి అక్కడ మొదలుపెట్టండి. దగ్గర్లో ఉన్న పిజోమీటర్ (నీటిమట్టం కొలిచే బోరు) రీడింగులు భూగర్భ జల శాఖ వాళ్ల దగ్గర దొరుకుతాయి. అవి, ఊళ్లో చీనీ ఎన్ని ఎకరాలు, రబీలో వరి ఎన్ని ఎకరాలు, ఈ మూడూ ఇక్కడ పెట్టండి, లెక్క కలిసి వేద్దాం.