ఆఫ్రికన్ వయొలెట్: నీలానికి గులాబీ కలిపితే అన్నీ నీలమే ఎందుకు?

ప్రశ్న: నా ఆఫ్రికన్ వయొలెట్ (ఇంట్లో కుండీలో పెంచే పూల మొక్క) నీలం సింగిల్ (ఒంటి వరస రేకల) పువ్వుకి గులాబీ పుప్పొడి పెట్టాను. ఆ గింజల మొక్కలన్నీ నీలమే పూశాయి. అసలు క్రాస్ కుదిరిందా? నాక్కావలసింది కుచ్చు అంచున్న కోరల్ (పగడపు రంగు). డబుల్ పువ్వుల మీద మాత్రం కాయ నిలవడం లేదు. ఉండేది హైదరాబాద్.

జవాబు 1: నీలం బహిర్గతం (ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనిపించే గుణం), గులాబీ అంతర్గతం (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే కనిపించేది). కాబట్టి క్రాస్ కుదిరినా మొదటి తరమంతా నీలమే. తల్లి సొంత పుప్పొడితో కాయ కట్టినా అంతే, మీ మొక్కల్ని చూసి తేడా చెప్పలేం. అందుకే ఎప్పుడూ అంతర్గత రంగునే తల్లిగా పెట్టండి. గులాబీ తల్లికి శుద్ధ నీలం (గులాబీ గుణం దాగని) పుప్పొడి వేశాక పిల్లల్లో గులాబీ కనిపిస్తే అది స్వపరాగమే, అంటే తన పుప్పొడితోనే కాయ కట్టింది. ఇప్పుడున్న పిల్లల్లో రెండింటిని తమలో తాము కలపండి. క్రాస్ నిజమైతే నాలుగింట ఒకటి గులాబీ వస్తుంది.

జవాబు 2: డబుల్ పువ్వులో రేకలు కిక్కిరిసి కీలాగ్రం (పుప్పొడి అంటాల్సిన కొన) అందదు. దాన్ని తండ్రిగా వాడండి, డబుల్ బహిర్గతమే కాబట్టి నష్టం లేదు. పసుపు తిత్తులు (పుప్పొడి సంచులు) వాటంతట అవి సరిగా విచ్చుకోవు. సూదితో చీల్చి, పొడిని గోటి మీద రాల్చి, పూసి నాలుగైదు రోజులైన సింగిల్ పువ్వు కీలాగ్రానికి అద్దండి. తల్లి తిత్తులు ముందే తీసేయాలి. రెండు వారాల్లో అండాశయం ఉబ్బకపోతే ఆశ వదులుకోండి. ఎండాకాలపు వేడికి కాయలు రాలతాయి, పండడానికేమో 4 నుంచి 6 నెలలు కావాలి. మీ ఊళ్లో అక్టోబర్‌లోనే మొదలుపెట్టడం మేలు.

జవాబు 3: కోరల్ కూడా అంతర్గతమే, కుచ్చు అంచు బహిర్గతం. నీలం జోలికి పోకుండా సాదా అంచు కోరల్ తల్లికి కుచ్చు గులాబీ పుప్పొడి వేయండి. పిల్లల్లో కుచ్చున్నదాన్ని ఎంచి తిరిగి కోరల్ తల్లితోనే కలిపితే నాలుగింట ఒకటి మీరు కోరినది. పిల్లల్ని తమలో తాము కలిపితే 16కి 3 మాత్రమే. చారల కైమీరాల (రెండు రకాల కణాలు కలిసి పెరిగిన మొక్కల) పుప్పొడి మాత్రం వద్దు, చారలు గింజకు దిగవు.

జవాబు 4: గింజలు ధూళిలా ఉంటాయి, మట్టి కప్పకండి. కాచి చల్లార్చిన నీళ్లతో తడిపిన పీట్ (కుళ్లిన నాచు పొడి), పర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు) మిశ్రమం మీద చల్లి, మూత పెట్టి, వెలుతురులో 21–24 డిగ్రీల దగ్గర ఉంచితే 2–3 వారాల్లో మొలకలు. మూతకి నీళ్లు కారుతుంటే కాస్త తెరవండి, లేదంటే మొదలు కుళ్లి మొలకలు ఒరిగిపోతాయి.