పారడాక్స్ ప్రశ్న దగ్గరే తప్పులెందుకు?

గుంటూరు, బ్రాడీపేట:
అన్నలూ అక్కలూ, ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌కి చదువుతున్నా. వెర్బల్‌లో 45 నిమిషాలకి 23 ప్రశ్నలు. వాదనని బలహీనపరిచే (వీకెన్), బలపరిచే (స్ట్రెంతెన్) ఆప్షన్ అడిగేవి బాగానే వస్తున్నాయి. పారడాక్స్, అంటే పొసగనట్టున్న రెండు విషయాలు ఇచ్చి ఆ చిక్కు విప్పే ఆప్షన్ అడిగేది, వస్తే రెండు ఆప్షన్ల మధ్య ఊగి ఊగి తప్పుదే పెడుతున్నా. నిన్న రాత్రి పదింట్లో ఆరు పోయాయి, ఏడుపొచ్చింది.

విజయవాడ, పటమట:
తమ్ముడూ, మీ మిర్చి యార్డునే తీసుకో. "ఈసారి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) తక్కువొచ్చాయి, అయినా ధర పడింది" అన్నారనుకో. రెండూ నిజమని ఒప్పేసుకో, వాదించకు. నేను మూడు నెలలు ఆ వాదనలోనే పోగొట్టుకున్నా. "సాగు తగ్గింది" అనే ఆప్షన్ టిక్కీలు ఎందుకు తగ్గాయో చెబుతుంది, ధర ఎందుకు పడిందో చెప్పదు. నువ్వు పడేది ఇలాంటి దాంట్లోనే. "నిరుటి సరుకు కోల్డ్ స్టోరేజీల నుంచే నేరుగా వ్యాపారులకి బోలెడంత పోయింది" అనేది చూడు, రెండు ముక్కలూ అతుక్కున్నాయి.

తెనాలి:
"అయినా", "కానీ" కింద గీత గీయండి. ఆప్షన్లు చూడకముందే "మరి ధర ఎందుకు పడింది?" అని కాగితం మీద రాసుకోండి. ప్రశ్న చివర "ఎక్సెప్ట్" (తప్ప) ఉందేమో చూడండి, ఉంటే చిక్కు విప్పని ఆప్షనే జవాబు.

గుంటూరు, బ్రాడీపేట:
అన్నా, పోయిన ఆరూ మళ్లీ చూశా. నాలుగింట్లో సగం చెప్పే ఆప్షనే పెట్టాను.